ఎర్ర దీపం వెలుగుతోందా?

(మా ఊరి తెలుగు రేడియో వారం వారం కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



కిందటి ఆగస్టులో మా ఇంట్లో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చి మా దగ్గర ఆరు నెలలు ఉన్నారు. ఆయనకి షుగరు. మూణ్ణెల్లకి సరిపడా ఇన్సులిన్ వంటింటి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెలకీ కరివేపాకు సంచులకీ మధ్య నలిగిపోతోందని, మా ఆవిడ దాన్ని గరాజ్‌లో ఉన్న రెండో ఫ్రిజ్‌లోకి మార్చింది. ఒక శుక్రవారం సాయంత్రం ఉరుములతో పెద్ద వాన పడింది. సోమవారం పొద్దున నాన్నగారు కొత్త సీసా కోసం వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల దీపం వెలగలేదు. సీసాలు వెచ్చగా ఉన్నాయి. ఫార్మసీలో అడిగితే, అలా ఉడికిన మందుని నమ్మి వాడొద్దు, పారేయమన్నారు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి తీసుకునే ఇన్సూరెన్సు సంగతి మీకు తెలిసిందే, ఇలాంటి వాటికి పైసా ఇవ్వదు. డబ్బు మాట అలా ఉంచండి. ఆయన అది చూసుకోకుండా పొడుచుకుని ఉంటే ఏమయ్యేదన్న ఆలోచనే నన్ను చాలా రోజులు వదల్లేదు.

టార్చిలైటు పట్టుకుని గరాజ్ గోడకున్న పానెల్ తెరిచాను. రెండు వరసల బ్రేకర్లు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ వేలితో తడుముకుంటూ వెళితే, ఒకటి మాత్రం కాస్త వదులుగా, ఆన్‌కీ ఆఫ్‌కీ మధ్య త్రిశంకుడిలా వేలాడుతోంది. బ్రేకర్ తన పని తాను చేసింది. చేశానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నా వెనకాల నిలబడి చూస్తున్న నాన్నగారు, "ఇదేం బ్రేకర్రా, దీనికి ఫ్లాగ్ లేదా?" అన్నారు. ఆయన కోస్తాలో ఒక 132 కె.వి. సబ్‌స్టేషన్‌లో ఏళ్ళ తరబడి షిఫ్ట్ డ్యూటీలు చేసి రిటైరైన మనిషి. ఆ ప్రశ్న పట్టుకుని నేను చదివినదీ, ఆయన చెప్పినదీ కలిపి ఈ రోజు మీ ముందు పెడుతున్నాను.

ఇళ్ళకి కరెంటు అమ్మడం మొదలైన రోజుల్లో ఈ సమస్యే లేదు. ఎడిసన్ న్యూయార్క్‌లో పెర్ల్ స్ట్రీట్ కేంద్రాన్ని 1882 సెప్టెంబరు 4న నడపడం మొదలుపెట్టాడు. అప్పట్లో కాపలా అంతా ఫ్యూజుదే. ఫ్యూజు అంటే ఆత్మాహుతి చేసుకునే తీగ. కరెంటు ఎక్కువైతే కరిగిపోతుంది. దాని శవమే దాని సాక్ష్యం. అమెరికాలో పాత ఇళ్ళల్లో ఇప్పటికీ కనిపించే మరబిళ్ళ ఫ్యూజుకి పైన చిన్న గాజు కిటికీ ఉంటుంది. గాజు మసిబారి ఉంటే షార్ట్ సర్క్యూట్. గాజు తేటగా ఉండి లోపలి రేకు మాత్రం కరిగి ఉంటే మోయలేని బరువు వేశారన్నమాట. పోయిందని చెప్పడమే కాదు, ఎందుకు పోయిందో కూడా చెప్పి పోయేది. మన ఊళ్ళల్లో పింగాణీ ఫ్యూజు ఊడదీసి చూస్తే కనిపించే మసి కూడా అదే భాష. ఆ మసి తుడిచి కొత్త వైరు చుట్టని తెలుగు మొగాడు నా తరంలో ఉండడేమో. (చుట్టింది సరైన మందం వైరేనా అని మాత్రం అడక్కండి.)

తరవాత బ్రేకర్ వచ్చింది. జర్మనీలో మన్‌హైమ్ నగరంలో హ్యూగో స్టోట్జ్ కంపెనీ 1924లో ఇంటికి సరిపడే చిన్న బ్రేకర్‌కి పేటెంటు తీసుకుంది. లోపల రెండు కాపలాదారులు ఉంటారు. నెమ్మదిగా వేడెక్కి వంగే రెండు లోహాల రేకు ఒకటి. షార్ట్ సర్క్యూట్ అయితే రెప్పపాటులో లాగేసే విద్యుదయస్కాంతం రెండోది. ఈ అమరిక ఈ నాటికీ మారలేదు. కానీ ఇందులో ఒక చిక్కు ఉంది. ఎవరైనా మొండిగా మీటని పైకి పట్టుకుని కూర్చున్నా సరే, లోపలి కాంటాక్టులు విడిపోయి తీరాలి. లేకపోతే అది రక్షణ కాదు. అందుకని మీటకీ లోపలి కాంటాక్టులకీ మధ్య బంధం తెగిపోయేలా కడతారు. ప్రాణాలు కాపాడే ఏర్పాటే అది. దాంతోనే మీట చూసి లోపల సంగతి చెప్పడం కష్టమైంది.

అమెరికా బ్రేకర్లు చాలావాటిలో ట్రిప్పయితే మీట మధ్యలో ఆగుతుంది. మళ్ళీ వెయ్యాలంటే ముందు పూర్తిగా ఆఫ్ వైపు నొక్కి, ఆ తరవాత ఆన్ చెయ్యాలి. మధ్యలోంచి నేరుగా ఆన్ వైపు తోసి, "బ్రేకర్ పాడైంది" అని ఎలక్ట్రీషియన్‌ని పిలిచి డబ్బులు పోసినవాళ్ళని నేనెరుగుదును. స్క్వేర్ డి వాళ్ళ క్యు.ఓ. రకంలో ట్రిప్పయితే చిన్న కిటికీలో ఎర్ర గుర్తు కనిపిస్తుంది. చీకటి గరాజ్‌లో అది ఎంత ఉపకారమో నాకిప్పుడు తెలుసు. ఇండియాలో ఇప్పుడు ఇళ్ళల్లో వాడే ఎమ్.సి.బి.ల పద్ధతి వేరు. ట్రిప్పయితే మీట పూర్తిగా కిందకి పడిపోతుంది. ఎవరైనా చేత్తో ఆపారో, తనంతట తానే పడిందో మీట చూసి చెప్పలేం.

ఇక నాన్నగారు అడిగిన ఫ్లాగ్ సంగతి. అది కరెంటు వాళ్ళ సొంత ఊహ కాదు. 1880లలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఎవరైనా ఫోన్ చేస్తే, వాళ్ళ లైను పేరిట ఉన్న చిన్న రేకు తలుపు టప్‌మని కిందకి పడేది. బోర్డు ముందు కూర్చున్న అమ్మాయికి ఏ లైనో వెంటనే తెలిసేది. కరెంటు వాళ్ళు రిలేలకి పెట్టుకున్నదీ ఇదే ఉపాయం. సబ్‌స్టేషన్‌లో తప్పుని పసిగట్టేది రిలే, లైను తెంపేది బ్రేకర్. తెంపమని చెప్పిన రిలే మీద రంగు బిళ్ళ ఒకటి పడుతుంది. కరెంటు వచ్చినా పోయినా ఆ బిళ్ళ తనంతట లేవదు. మనిషి వచ్చి చేత్తో లేపాలి. నాన్నగారి సబ్‌స్టేషన్‌లో పాటించిన మొదటి నియమం ఇదిట: ఏ ఫ్లాగ్ పడిందో ముందు లాగ్ పుస్తకంలో టైముతో సహా రాసుకో, ఆ తరవాతే లేపు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు కంగారులో ముందు లేపేసి, తరవాత ఇంజనీరుగారు ఫోన్‌లో "ఏ ఫ్లాగ్ పడిందయ్యా?" అంటే నీళ్ళు నమిలేవారట.

కంట్రోల్ పానెల్ మీద దీపాల కథ ఇంకా బాగుంటుంది. అమెరికాలోనూ ఇండియాలోనూ బ్రేకర్ మూసి ఉంటే, అంటే లైనులో కరెంటు ఉంటే, ఎర్ర దీపం. తెరుచుకుంటే పచ్చ దీపం. రోడ్డు మీద సిగ్నల్‌కి ఇది తలకిందులు. ఎరుపంటే కరెంటుంది, ముట్టుకోకు అని. చాలాచోట్ల ఆ ఎర్ర దీపాన్ని బ్రేకర్‌ని తెంపే కాయిల్ గుండానే వెలిగేలా కలుపుతారు. దీపం తాగే కొద్దిపాటి కరెంటు కాయిల్‌ని కదిలించలేదు. కానీ కాయిల్ తీగ ఎక్కడన్నా తెగినా, బ్యాటరీ పోయినా దీపం ఆరిపోతుంది. అంటే వెలుగుతున్న ఎర్ర దీపం ఒకేసారి రెండు మాటలు చెబుతోంది: బ్రేకర్ మూసి ఉంది, అవసరమైతే తెంపడానికి సిద్ధంగా కూడా ఉంది. రెండు దీపాలూ ఆరిపోయి ఉంటే మొదట బల్బు మార్చి చూడాలి, అప్పటికీ వెలగకపోతే పరుగెత్తాలి. ఇది ఎవరు మొదట కనిపెట్టారో గానీ, నా లెక్కన ఆ మనిషికి పల్లకీ సేవ చెయ్యాలి.

కబురు అందకపోతే ఏమవుతుందో ఈ దేశం రెండుసార్లు చూసింది.

1965 నవంబరు 9 సాయంత్రం 5:16కి, నయాగరా దగ్గర ఆంటారియో వైపున్న సర్ ఆడమ్ బెక్ కేంద్రంలో ఒక రిలే పనిచేసి, టొరాంటో వైపు వెళ్ళే లైనుని తెంపింది. అక్కడ లోపమేమీ లేదు. 1963లో ఆ రిలేని పెట్టిన హద్దు, పెరిగిన వాడకానికి చాలక పోయిందంతే. మిగిలిన నాలుగు లైన్ల మీదా బరువు పడి, దాదాపు రెండున్నర సెకన్లలో అవీ పడిపోయాయి. కరెంటంతా వెనక్కి తిరిగి న్యూయార్క్ రాష్ట్రం మీద పడింది. మూడు కోట్ల మంది చీకట్లో ఉన్నారు, కొన్నిచోట్ల 13 గంటల దాకా. కంట్రోల్ రూముల్లో ఆ రాత్రి ఎక్కడ చూసినా ఫ్లాగులే. కానీ అన్నీ పడ్డాక, ఏది ముందు పడిందో ఏ ఫ్లాగూ చెప్పదు. మొదటి దోషిని పట్టుకోవడానికి రోజులు పట్టింది.

రెండోది మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2003 ఆగస్టు 14, గురువారం. నేను అప్పటికి డెట్రాయిట్ పక్క ఊళ్ళో ఉన్నాను. నాలుగు దాటాక ఆఫీసులో దీపాలు పోయాయి. కుళాయిలో నీళ్ళు కూడా రాలేదు. అపార్ట్‌మెంట్లలో ఉన్న తెలుగువాళ్ళమంతా బయటికొచ్చి, గడ్డి మీద కూర్చుని, కరిగిపోతున్న ఐస్‌క్రీములు పంచుకుని తిన్నాం. అసలేం జరిగిందో అమెరికా, కెనడా ప్రభుత్వాలు కలిసి వేసిన సంఘం 2004 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదికలో ఉంది. చదువుతుంటే నవలలా ఉంటుంది.

ఒహాయోలో ఫస్ట్ ఎనర్జీ అనే కంపెనీ కంట్రోల్ రూములో మధ్యాహ్నం 2:14కి అలారం ప్రోగ్రాము ఆగిపోయింది. తరవాత జరిపిన పరీక్షల్లో తేలింది ఏమిటంటే, ప్రోగ్రాములో రెండు పనులు ఒకే చోట ఒకేసారి రాయబోయి తన్నుకుని, అలారం భాగం అంతులేని చక్రంలో పడింది. కొత్త అలారాలు వరసలో పోగుపడ్డాయి గానీ ఒక్కటీ మోగలేదు. తెర నల్లబడలేదు, ఎర్ర గీతలు రాలేదు. ఆపరేటర్లు దాన్ని ప్రశాంతతే అనుకున్నారు. 2:32కి పక్క కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి, మీ స్టార్-సౌత్ కాంటన్ లైను ఒకసారి పడి మళ్ళీ లేచింది కదా అని అడిగితే, మా తెర మీద ఏమీ లేదే అన్నారు. ఆ తరవాత వరుసగా మెయిన్ సర్వరూ, దాని బదులు సర్వరూ పడిపోయాయి. ఐ.టి. వాళ్ళకి కబురు వెళ్ళింది. వాళ్ళొచ్చి 3:08 కల్లా సర్వర్ని మళ్ళీ లేపారు, పని అయిందనుకున్నారు. అలారాలు వస్తున్నాయా అని ఆపరేటర్లని ఒక్క మాట అడగలేదు. మనలో ఎంతమందిమి ఐ.టి. ఉద్యోగాల్లో ఉన్నామో తలుచుకుంటే ఈ వాక్యం దగ్గర నాకు కాస్త గుచ్చుకుంటుంది.

ఈలోగా 3:05కి 345 వేల వోల్టుల లైనొకటి చెట్టుకి తగిలి పడిపోయింది. మోసే శక్తిలో సగం కూడా మోయడం లేదప్పుడు. 3:32కి రెండోది, 3:41కి మూడోది. బ్రేకర్లన్నీ తమ ధర్మం తాము నిర్వర్తించాయి. తమ అలారం వ్యవస్థే చచ్చిపోయిందని ఆపరేటర్ ఒకరు ఐ.టి. వాళ్ళకి చెప్పేటప్పటికి 3:42. అంటే 88 నిమిషాలు. ఆ కంట్రోల్ రూములో గోడ మీద లైన్ల పటం, దీపాల బోర్డూ లేవు. ఇండియానాలో ఈ ప్రాంతమంతటి మీదా కన్నేసి ఉంచాల్సిన సంస్థలో, లెక్కలు కట్టే ప్రోగ్రాముని సరిచేసిన ఉద్యోగి దాన్ని మళ్ళీ ఆటోమేటిక్‌లో పెట్టడం మరిచిపోయి భోజనానికి వెళ్ళాడు. 4:05 దాటాక సామిస్-స్టార్ లైను పడింది. 4:13 కల్లా అంతా అయిపోయింది. అయిదు కోట్ల మంది, 61,800 మెగావాట్లు.

ఆ నివేదిక అడిగిన వాటిల్లో ఒకటి నాకు బాగా నచ్చింది: ప్రతి రికార్డరు గడియారమూ ఒకే సమయం చూపించాలి, అప్పుడే ఏ బ్రేకర్ ముందు పడిందో తేలుతుంది. నాన్నగారి లాగ్ పుస్తకం నియమమే ఇది, కాకపోతే సెకనులో చిన్న చిన్న ముక్కల దాకా. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకటైనప్పుడు మన ఆంధ్రకి ఏమీ కాలేదని అక్కడివాళ్ళు గర్వంగా చెబుతారు. నిజానికి దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే లయలో కలవలేదు. కలిసింది 2013 డిసెంబరు 31న, రాయచూరు-షోలాపూర్ లైనుతో. ఇప్పుడు ఒకరి కష్టం అందరిదీ.

మళ్ళీ మా గరాజ్‌కి వద్దాం. కరెంటు పోతే కీచుమని అరిచే బ్యాటరీ పెట్టె ఒకటి కొన్నాను. నాన్నగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని బ్యాటరీ అయిపోతే ఎవడు అరుస్తాడు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయనే చిన్న ఎర్ర నైట్‌ల్యాంపు కొనుక్కొచ్చి, ఫ్రిజ్ ఉన్న సర్క్యూట్ మీదే, వంటింటి తలుపు అద్దంలోంచి కనబడే చోట పెట్టారు. ఇన్సులిన్ సగం వంటింటి ఫ్రిజ్‌లోకి తిరిగొచ్చింది, కరివేపాకు కాస్త సర్దుకుంది.

ఆయన డిసెంబరులో ఇండియా వెళ్ళిపోయారు. ల్యాంపు అక్కడే ఉంది. ఆదివారాలు ఫోన్‌లో మనవల సంగతులు అయ్యాక, పెట్టేసే ముందు, "ఎర్ర దీపం వెలుగుతోందిట్రా?" అని అడుగుతారు. నేను ఫోన్ పట్టుకునే లేచి వెళ్ళి, చూసొచ్చి చెబుతాను.