ఫ్లేకీ టెస్టు

ఫ్లేకీ టెస్టు అనగా ప్రోగ్రాములో ఒక్క అక్షరమైనా మార్చకుండానే ఒకసారి నెగ్గి, మరొకసారి విఫలమయ్యే సాఫ్టువేరు పరీక్ష. దీనిని తెలుగులో చంచల పరీక్ష అనవచ్చును. ఒకే లెక్కకు ఉదయం ఒక జవాబు, సాయంత్రం వేరొక జవాబు వచ్చినట్లయితే తప్పు లెక్కలో ఉన్నదా, చేసే విధానంలో ఉన్నదా అన్న సందేహం కలుగుతుంది. ఇక్కడి చిక్కు కూడా అటువంటిదే. కంటెయినర్లను నడిపే సాఫ్టువేరులో ఈ సమస్య తరచుగా కనిపిస్తుంది. ఈ వ్యాసంలో పాడ్‌మన్ అనే ఓపెన్ సోర్స్ ఉపకరణాన్ని ఉదాహరణగా తీసుకోవడమైనది.

పాడ్‌మన్

ఒక ప్రోగ్రామును, దానికి కావలసిన ఫైళ్ళతో సహా, కంప్యూటరులోని మిగిలిన ప్రోగ్రాముల నుండి వేరుచేసి నడిపే ఏర్పాటును కంటెయినరు అంటారు. 2013లో విడుదలైన డాకర్ దీనిని జనసామాన్యానికి చేరువ చేసింది. పాడ్‌మన్‌ను రెడ్ హ్యాట్ సంస్థ ఇంజనీర్లు గో భాషలో ప్రారంభించారు. దీని 1.0 సంచిక 2019 జనవరిలో వెలువడింది. డాకర్‌లో వలె ఎల్లవేళలా నడుస్తూ ఉండే సేవక ప్రోగ్రాము (డీమన్) దీనికి అవసరం లేదు. ప్రతి కంటెయినరును కన్‌మాన్ అనే చిన్న ప్రోగ్రాము కనిపెట్టుకొని ఉంటుంది. అందువలన ఒకే పనిలో పలు ప్రోగ్రాములు పాలుపంచుకొంటాయి. ఏది ముందు ముగుస్తుందో, ఏది వెనుక ముగుస్తుందో ముందుగా చెప్పడానికి వీలుండదు. చంచలత్వానికి మూలం ఇక్కడే ఉన్నది.

ఎవరైనా ఒక మార్పును ప్రతిపాదించినపుడు పరీక్షలు వాటంతట అవే నడుస్తాయి. పాడ్‌మన్‌లో ఇవి ముఖ్యంగా మూడు విధాలు: విడి భాగాల పరీక్షలు, గింకో అనే పరికరంతో వ్రాసిన సమైక్య పరీక్షలు, బ్యాట్స్‌తో వ్రాసిన వ్యవస్థ పరీక్షలు.

కారణాలు

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, 51 ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులలో ఇటువంటి పరీక్షలను సరిచేసినట్లు తోచిన 201 మార్పులను పరిశీలించారు. ఒక పని పూర్తయ్యేవరకు సరిగా వేచి ఉండకపోవడమే అన్నిటికంటె పెద్ద కారణమని తేలింది. వర్గీకరించగలిగిన వాటిలో దీని వాటా సుమారు 45 శాతం. ఏకకాలంలో నడిచే పనుల మధ్య పోటీ, పరీక్షలు నడిచే వరుసపై ఆధారపడటం తరువాతి స్థానాలలో ఉన్నాయి. కంటెయినర్ల విషయంలో వీటికి మరికొన్ని తోడవుతాయి. నెట్‌వర్కు నుండి ఇమేజి దిగుమతి కాకపోవచ్చును. రెండు పరీక్షలు ఒకే పోర్టును కోరవచ్చును.

ఒక ఉదాహరణ

పరీక్ష చంచలంగా ఉన్నదంటే పరీక్షలోనే లోపమున్నదని భావించడం సాధారణం. అది అన్నివేళలా నిజం కాదు. పాడ్‌మన్‌లో కంటెయినరు ముగిసినపుడు అది ఒక సంఖ్యను (నిష్క్రమణ సంకేతం) విడిచి వెళ్తుంది. సున్నా అయితే పని సవ్యంగా జరిగినట్లు, వేరొకటైతే ఏదో తప్పు జరిగినట్లు అర్థం. ఆ సంఖ్య కోసం ఎదురుచూసే ఆదేశం వేరుగా ఉంటుంది. పని ముగియగానే తొలగించవలసిన కంటెయినరు విషయంలో శుభ్రపరిచే ప్రోగ్రాము ముందుగా వచ్చి కంటెయినరును తీసివేస్తే, ఎదురుచూసే ఆదేశానికి ఆ సంఖ్య దొరకదు. తేడా క్షణంలో వెయ్యవ వంతు కావచ్చును. కనుక తప్పు ఎప్పుడో ఒకసారి మాత్రమే బయటపడుతుంది.

గిట్‌ల్యాబ్ రన్నరును పాడ్‌మన్‌పై నడిపేవారికి ఎదురైన సమస్యను 2022లో పరిష్కరించినపుడు, ఒకదానితో ఒకటి పెనవేసుకొన్న మూడు లోపాలు కనబడినవి. ‘ఆగినది’, ‘నిష్క్రమించినది’ అనే రెండు దశలను ప్రోగ్రాము ఒకటిగా భావించడం వాటిలో ఒకటి. మొదటిది లోపలి ప్రోగ్రాము ముగిసిన దశ. రెండవది శుభ్రపరచడం కూడా పూర్తయిన దశ. విడివిడిగా సరిచేస్తే పరీక్షలు నెగ్గవు గనుక మూడింటినీ ఒకే మార్పులో సరిచేశారు. కంటెయినరును తొలగించిన తరువాత కూడా నిష్క్రమణ సంకేతం కొంతకాలం డేటాబేసులో నిలిచి ఉండేటట్లు చేశారు. ఇటువంటి చోట పరీక్షలో వేచి ఉండే సమయాన్ని పెంచి ఊరుకొంటే లోపం వాడుకరుల కంప్యూటర్లలో అలాగే మిగిలి ఉండేది.

మళ్ళీ నడపడం

విఫలమైన పరీక్షను మళ్ళీ నడపడం అన్నిటికంటె సులువైన ఉపాయం. గింకోలో ఇందుకు ప్రత్యేక ఏర్పాటే ఉన్నది. అయితే ఇది జ్వరానికి మందు వేయక థర్మామీటరును మార్చడం వంటిది. గూగుల్ సంస్థ 2016లో తెలిపిన ప్రకారం ఆ సంస్థలోని పరీక్షలలో దాదాపు 16 శాతం ఎంతో కొంత చంచలమైనవి; నెగ్గుతూ ఉన్న పరీక్ష విఫలమైనదిగా మారిన సందర్భాలలో 84 శాతం చంచల పరీక్షలకు సంబంధించినవే. అపుడు ‘నాన్నా! పులి’ కథలో వలె, నిజమైన పులి వచ్చిననాడు ఎవరూ నమ్మరు.

సరిచేయు విధానం

ముందుగా లోపాన్ని తిరిగి రప్పించాలి. ఇందుకు పరీక్షను వందలసార్లు నడుపుతారు. కంప్యూటరుపై కావాలని భారం పెంచుతారు. గో భాషలో 2013 నుండి ఉన్న రేస్ డిటెక్టరు, రెండు పనులు ఒకే జ్ఞాపకస్థానాన్ని ఒకేసారి తాకితే పట్టి ఇస్తుంది. కాని పైన చెప్పినట్లు వేర్వేరు ప్రోగ్రాముల మధ్య జరిగే పోటీని అది చూడలేదు. అక్కడ లాగ్‌లను ఓపికగా చదువుకోవలసినదే.

‘రెండు సెకన్లు ఆగు’ అన్న చోట ‘ఫలానా స్థితి వచ్చేవరకు ఆగు, గడువు దాటితే విఫలమని చెప్పు’ అని వ్రాయడం మరొక మార్పు. పేర్ల తగాదాకు పరిష్కారం ఇంకా సులువు. పాడ్‌మన్ వ్యవస్థ పరీక్షలను ఏకకాలంలో నడపడానికి కంటెయినర్లకు స్థిరమైన పేర్లు పెట్టడం మాని, పరీక్ష సంఖ్యకు యాదృచ్ఛిక అక్షరాలను చేర్చి పేరు కల్పించే ‘సేఫ్‌నేమ్’ అనే చిన్న ఫంక్షనును వాడుతున్నారు. పేరులోనే సంఖ్య ఉండుటచేత, శుభ్రపరచకుండా మిగిలిపోయిన కంటెయినరు ఏ పరీక్షకు చెందినదో కూడా తెలిసిపోతుంది.