గృహ వైద్యసేవల్లో రోగి హక్కులు (అమెరికా)

నర్సు, ఫిజియోథెరపిస్టు ఇంటికే వచ్చి చేసే చికిత్సలో రోగికి చట్టం కల్పించిన రక్షణలివి. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకమైన మెడికేర్ నుంచి చెల్లింపులు అందుకునే గృహ వైద్యసేవల ఏజెన్సీలన్నీ వీటికి కట్టుబడాలి. 1987 నాటి సమాఖ్య చట్టం వీటికి పునాది. 2018 జనవరిలో అమల్లోకి వచ్చిన నిబంధనలు వీటిని విస్తరించాయి.

చికిత్స మొదలుకాకముందే హక్కుల పత్రం రోగి చేతికి అందాలి. అందినట్టు సంతకం కూడా తీసుకోవాలి. ఇంగ్లిష్ అంతగా రానివారికి దుభాషి ఖర్చు ఏజెన్సీదే. పిల్లల దగ్గర స్థిరపడిన, తెలుగు మాత్రమే తెలిసిన పెద్దలకూ ఇది వర్తిస్తుంది. మెడికేర్ ఎంత భరిస్తుందో, చేతినుంచి ఎంత పెట్టుకోవాలో నోటితోనూ, రాతలోనూ ముందే చెప్పాలి. చికిత్స ప్రణాళికలో రోగి మాటకు చోటుంటుంది. ఏ సేవనైనా వద్దనవచ్చు. రోగితోపాటు ఆ ఇంటి వస్తువులనూ మర్యాదగా చూడాలి.

వచ్చిన సిబ్బంది దురుసుగా ప్రవర్తిస్తే? ఏజెన్సీకి చెప్పుకోవచ్చు, రాష్ట్ర ప్రభుత్వ ఉచిత హాట్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. ఫిర్యాదు చేశారన్న కక్షతో వివక్ష చూపడం నిషిద్ధం.

సేవలను ఇష్టమొచ్చినట్టు ఆపడానికీ వీల్లేదు. చికిత్స లక్ష్యాలు నెరవేరడం, చెల్లింపులు ఆగిపోవడం, ఏజెన్సీ మూతపడటం వంటి నిర్దిష్ట కారణాలుండాలి. మెడికేర్ సేవలు ముగించేటప్పుడు సాధారణంగా కనీసం 2 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి; దానిపై రోగి సత్వర అప్పీలు చేసుకోవచ్చు.