లేని ఉద్యోగంలోకి తిరిగి రావడం

2024 జనవరి 22 ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీల సమ్మెకు 42వ రోజు. సమ్మె విరమించని వాళ్ళను తొలగించమని ఆ రోజే కలెక్టర్లకు ఆదేశాలు వెళ్ళాయి. ఆ రాత్రే చర్చలు జరిగి సమ్మె ముగిసింది. మర్నాటి నుంచి కార్యకర్తలు, ఆయాలు మళ్ళీ కేంద్రాలు తెరిచారు. తీసేయడం, తిరిగి తీసుకోవడం రెండూ ఒక పగలూ ఒక రాత్రిలో అయిపోయాయి.

ఆ రోజు గురించి తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో కొందరు కార్యకర్తలతో మాట్లాడాను. 2022 ఏప్రిల్ దాకా ఈ మూడు ఊళ్ళూ గుంటూరు జిల్లావే. ఇప్పుడు తెనాలి ఒక కలెక్టరు కింద, మిగిలిన రెండూ మరో కలెక్టరు కింద ఉన్నాయి. ఎవరి కింద ఉన్నా అందరిదీ ఒకటే ప్రశ్న. రేపల్లెలో ఒకామె దాన్ని సూటిగా అడిగింది: "ఇది ఉద్యోగమే కాదంటిరి గదా, మరి లేని ఉద్యోగంలోంచి ఎట్టా తీసేస్తారమ్మా?"

ఈ ప్రశ్నకు వెనక చాలా చరిత్ర ఉంది. పాత ఒప్పంద న్యాయం దృష్టిలో పని అంటే యజమానికి సేవకుడు చేసే సేవ. ఇష్టంలేని సేవకుణ్ణి పెట్టుకోమని యజమానిని ఎవరూ బలవంతపెట్టలేరు. అన్యాయంగా తీసేస్తే నష్టపరిహారం పారేస్తే చాలు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఈ సూత్రానికి గండి కొట్టింది. తొలగించిన కార్మికుణ్ణి తిరిగి పనిలోకి తీసుకోమని ఆదేశించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని 1949లో ఫెడరల్ కోర్టు చెప్పింది. 1971లో చేర్చిన 11-ఎ సెక్షన్‌తో, తొలగింపు న్యాయమైనది కాదనిపిస్తే దాన్ని రద్దుచేసి పునర్నియామకం ఇచ్చే అధికారం లేబర్ కోర్టులకు స్పష్టంగా దక్కింది. అధికారం ఉన్నంత మాత్రాన అందరికీ పని తిరిగి దొరికిందని కాదు. కానీ పని అనేది డబ్బిచ్చి తెంపుకోగల బంధం మాత్రమే కాదని చట్టం ఒప్పుకుంది.

2013లో దీపాలీ గుండు సుర్వాసే అనే మహారాష్ట్ర ఉపాధ్యాయిని కేసులో సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది. తొలగింపు తప్పని తేలితే తిరిగి తీసుకోవడమే కాదు, పోయిన జీతమంతా ఇవ్వడం మామూలు నియమం కావాలంది. ఈలోగా ఆమె వేరేచోట సంపాదించిందంటే, దాన్ని రుజువు చేయాల్సింది యాజమాన్యమే. హైకోర్టు కొట్టేసిన జీతం ఆమెకు అలా తిరిగి వచ్చింది.

ఈ చరిత్ర అంగన్‌వాడీ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. 1975 అక్టోబర్ 2న పథకం మొదలైనప్పటి నుంచి వీళ్ళది 'గౌరవ' సేవ, వీళ్ళకిచ్చేది 'గౌరవ వేతనం'. బిడ్డలకు తిండి పెట్టడం, గర్భిణులను కనిపెట్టుకోవడం ఆడవాళ్ళకు సహజంగా అబ్బే గుణం, దానికి జీతమేమిటన్న భావన ఆ మాటల వెనక ఉంది. 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు వీళ్ళవి సివిల్ పోస్టులు కావంది. అంటే ప్రభుత్వోద్యోగులు వెళ్ళే పరిపాలనా ట్రిబ్యునల్ తలుపు వీళ్ళకు మూసుకుపోయింది. 2022లో మణిబెన్ కేసులో అదే కోర్టు, గ్రాట్యుటీ చట్టం వరకు ఈ గౌరవ వేతనం కూడా వేతనమేనని తేల్చింది. సమ్మెలో అడిగిన వాటిలో ఆ గ్రాట్యుటీ కూడా ఉంది.

కానీ 2024 జనవరి 6న ప్రభుత్వం వీళ్ళపై ఎస్మా ప్రయోగించింది. వేతనం పెంచమన్నప్పుడు సేవ, సమ్మె చేసినప్పుడు మాత్రం అత్యవసర సేవ! ఎస్మాకు ఆధారమైన రాష్ట్ర చట్టమూ 1971దే. కార్మికులకు తిరిగొచ్చే దారి చూపిన 11-ఎ కూడా ఆ ఏడాదిదే. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండింటిలో అంగన్‌వాడీ స్త్రీల దాకా వచ్చింది శిక్షించేది మాత్రమే.

2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులను 'సెల్ఫ్ డిస్మిస్' అన్నారు. తమంతట తామే తొలగిపోయారని అర్థం. వ్యాకరణంలో కర్త మాయమైపోయాడు. సమ్మె ముగిశాక వాళ్ళనూ తిరిగి రానిచ్చారు, అదీ ముఖ్యమంత్రి ప్రకటనతోనే.

దయతో తెరిచిన తలుపును దయ తగ్గినప్పుడు మూసేయొచ్చు. జనవరి 22 రాత్రి తొలగింపును ఆపింది స్త్రీల ఐక్యత. చర్చల బల్ల దాకా ప్రభుత్వాన్ని లాక్కొచ్చింది వాళ్ళే. అది చిన్న విజయం కాదు. కానీ తీసేసినప్పుడల్లా లక్షమంది రోడ్డెక్కలేరు. ఏ మారుమూల కేంద్రంలోనో ఒంటరిగా ఒకామెను తొలగిస్తే ఆమెకు దిక్కేది? 2025 నవంబర్ 21 నుంచి పాత చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. పునర్నియామకం ఇచ్చే అధికారం అందులోనూ ఉంది. దాన్ని అడిగే హక్కు కావాలంటే ముందు ఆమె పనిని పని అనాలి. రేపల్లె స్త్రీ ప్రశ్నకు జవాబు అక్కడే మొదలవుతుంది.