అప్పుల నుంచి ఆలివ్ నూనె దాకా

కలిసి ఉంటే కలదు సుఖం అని మన పెద్దవాళ్ళు అంటారు. కానీ కలిసి ఉంటే చాలదు, కలిసి పని చెయ్యడం నేర్చుకోవాలి కూడా. పాలస్తీనా రైతుల చరిత్ర చదివాక నాకు ఈ విషయం బాగా అర్థమైంది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పాలస్తీనా బ్రిటిష్ పాలనలోకి వచ్చింది. అక్కడి అరబ్బు రైతులు వడ్డీ వ్యాపారుల చేతిలో చిక్కుకున్నారు. 1930లో ప్రభుత్వ విచారణ తేల్చిన లెక్క ప్రకారం ఒక్కో రైతు కుటుంబానికి సగటు అప్పు 27 పౌన్లు. ఏడాది రాబడి 25 నుంచి 30 పౌన్లు. వడ్డీ నూటికి 30. అంటే వడ్డీకే ఏటా 8 పౌన్లు పోతాయి. ఇంక అసలు ఎప్పుడు తీరుతుంది?

అదే ఏడాది స్ట్రిక్‌లాండ్ అనే అధికారి అక్కడికి వెళ్ళాడు. ఆయన మన దేశంలో, పంజాబ్‌లో సహకార సంఘాల రిజిస్ట్రారుగా పనిచేసినవాడు. మన దగ్గర సహకార పరపతి సంఘాల చట్టం 1904లోనే వచ్చింది. ఆ అనుభవంతో ఆయన పాలస్తీనా రైతుల కోసం నివేదిక రాశాడు. 1933లో అక్కడ కొత్త సహకార చట్టం వచ్చింది.

1948 యుద్ధంలో 7 లక్షల మందికి పైగా పాలస్తీనియులు ఇళ్ళూ పొలాలూ పోగొట్టుకున్నారు. ఊరే లేకపోతే ఊరి సంఘం ఎక్కడుంటుంది? 1967లో వెస్ట్ బ్యాంక్, గాజా ఇజ్రాయెల్ ఆక్రమణలోకి వెళ్ళాయి. అప్పుడు రైతులకు సాయం చెయ్యడానికి చదువుకున్నవాళ్ళే ముందుకొచ్చారు. 1983లో వ్యవసాయ నిపుణులు స్వచ్ఛందంగా పాలస్తీనా వ్యవసాయ సహాయ కమిటీలను మొదలుపెట్టారు. 2017లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సహకారంతో పాలస్తీనాకు సొంత సహకార చట్టం వచ్చింది.

శిక్షణ అంటే ఏమిటో ఆలివ్ నూనె చూస్తే తెలుస్తుంది. కాయల్ని గోనె సంచుల్లో కుక్కి రోజుల తరబడి ఉంచితే వేడెక్కి పాడవుతాయి, నూనెలో ఆమ్లం పెరుగుతుంది. మేలురకం నూనెలో ఆమ్లం 0.8 శాతం దాటకూడదు. అందుకే కాయల్ని చేత్తో కోసి, గాలి ఆడే పెట్టెల్లో పెట్టి, ఆలస్యం చెయ్యకుండా గానుగకు చేర్చాలి. నూనెను స్టీలు ట్యాంకుల్లో నిలవ చెయ్యాలి. ఒక్క రైతు ట్యాంకు కొనలేడు, సంఘం కొనగలదు. కానీ సంఘం నిలవాలంటే జమాఖర్చులు రాయడం, ఆడిట్ చేయించడం సభ్యులకు రావాలి.

శిక్షణతో అన్నీ తీరిపోవు. 2002 నుంచి కట్టిన గోడకు అవతల పొలం ఉన్న రైతు, అనుమతి కాగితం చూపిస్తేనే గేటు దాటాలి. ఏ పాఠమూ ఆ గేటు తెరవలేదు. అయినా గేటు తెరిచిన రోజున కోసిన కాయ వృథా పోకుండా చూడగలదు. వాళ్ళు నేర్చుకున్నది అంత చిన్నదీ, అంత పెద్దదీ.