అల విరిగే చోట తండేలు

ఇసుక తీరంలో బలంగా విరిగే అల దగ్గరికి సర్ఫింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ళను పంపరు. రాతి దిబ్బ మీద విరిగే అలకు ఒక చోటంటూ ఉంటుంది. నిన్న ఎక్కడ విరిగిందో ఇవాళా దాదాపు అక్కడే విరుగుతుంది. ఇసుక మెరకకు ఆ నిలకడ లేదు. ఒక్క తుపాను వచ్చిపోతే చాలు, మెరక జరుగుతుంది, దాంతోపాటే అల విరిగే చోటూ, ఒడ్డు నుంచి నీళ్ళు వెనక్కి లాగే దారీ మారిపోతాయి. అలాంటి చోట కండబలం కన్నా కంటిచూపు ముఖ్యం. ఏ కెరటం మింగుతుందో, ఏది మోస్తుందో అది లేవకముందే తెలియాలి. పలక మీద నిలబడి ఆడే ఆటగా ఈ విద్య మన తూర్పు తీరానికి ఇటీవలే వచ్చింది. విద్య మాత్రం చాలా పాతది. ఓడ ఒకచోట, ఒడ్డు ఒకచోట, మధ్యలో నురగలు కక్కే నీళ్ళు: చెన్నపట్నంలోనూ, ఉత్తరాన మన రేవులు కొన్నిటిలోనూ వందల ఏళ్ళపాటు సరుకూ మనుషులూ దాటింది పడవవాళ్ళ చూపును నమ్ముకునే. ఆనాటి రాతలు దీన్ని చాలావరకు కూలిపనిగానే చూశాయి. ఇది పరీక్షకు నిలిచిన శాస్త్రమనీ, రేవుగోడ కట్టిన ఇంజనీర్ల పేరు చెప్పుకున్నట్టే ఈ పడవవాళ్ళ పనినీ చెప్పుకోవాలనీ నా వాదన.

చెన్నపట్నం పుట్టుకే ఇందుకు మొదటి సాక్ష్యం. 1611 నుంచి మచిలీపట్నంలో వ్యాపారం చేస్తున్న ఇంగ్లీషువాళ్ళు దక్షిణాన మరో చోటు వెతుక్కుంటూ, ఇప్పటి నెల్లూరు వైపున్న దుగరాజపట్నం దగ్గర కొన్నాళ్ళు ఉండి, అక్కడ కుదరక 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి ఒక ఇసుక దిబ్బను పట్టాగా పొందారు. చెన్నపట్నం అన్న పేరు ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడిది. ఆ చోట రేవు లేదు, చాటు లేదు, ఓడను దాచుకోవడానికి ఏటి మొగ కూడా లేదు. ఓడలు ఒడ్డుకు మైలు, రెండు మైళ్ళ దూరంలో బట్టబయట లంగరు వేసేవి. 1746లో ఫ్రెంచివాళ్ళు చెన్నపట్నం కోటను పట్టుకున్న కొద్ది రోజులకే, అక్టోబరులో, తుపాను లేచి వాళ్ళ సేనాని లాబూర్దొనే నౌకాదళాన్ని ఆ బయలులోనే చితగ్గొట్టింది. అంతటి కష్టమైన చోట పట్నం ఎందుకు వెలిసిందంటే చుట్టుపక్కల నేతబట్ట చౌకగా దొరికేది, నాయకుడు ఇచ్చిన షరతులు బాగున్నాయి అని చరిత్రకారులు చెబుతారు. రెండూ నిజమే. అయితే బట్ట ఎంత చౌకైనా ఓడెక్కకపోతే గుడ్డపీలికతో సమానం. కెరటాలు దాటించేవాళ్ళు అప్పటికే ఆ తీరాన ఉన్నారు కాబట్టే ఆ లెక్క కుదిరింది. ఇంగ్లీషువాళ్ళ ఈస్టిండియా కంపెనీ వాళ్ళను తయారుచేయలేదు, వాళ్ళ మీద ఆధారపడింది.

ఇక ఆ కెరటాల సంగతి. లోతైన నీటిలో నడిచొచ్చే అల కింద నేల తగలనంతసేపూ పొంగుతూ సాగిపోతుంది. అల ఎత్తుకు కాస్త మించిన లోతు మాత్రమే మిగిలినప్పుడు, అంటే గజం ఎత్తు అలకు సుమారు గజమూ పావు నీళ్ళు ఉన్నచోట, అడుగుభాగం నిదానించి పైభాగం ముందుకు తూలి విరుగుతుంది. చెన్నపట్నం ఒడ్డున ఒకదాని వెనుక ఒకటిగా మెరకలు ఉండేవి. అందువల్ల మంచి వాతావరణంలోనే కెరటాలు మూడు వరుసలుగా విరిగేవని చాలామంది యాత్రికులు రాశారు. ఆటుపోట్ల తేడా అక్కడ గజానికి అటూ ఇటూ మాత్రమే. తేడా ఎక్కువున్న తీరాల్లో పోటు నిండుగా ఉన్నప్పుడు మెరకలు మునిగి దారి సులువవుతుంది, పడవలు ఆ వేళకోసం కాచుకుంటాయి. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. పొద్దున విరిగే కెరటం సాయంత్రమూ విరుగుతుంది. ఎదురుచూస్తే దొరికేది కెరటానికీ కెరటానికీ మధ్యనుండే కాస్త విరామం ఒక్కటే.

ఆ విరామంలో దూరి బయటపడటానికి కట్టిందే మసూలా పడవ. ఆ పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందని కొందరు, చేపను చెప్పే మాట నుంచి అని మరికొందరు అంటారు. మచిలీపట్నం తీరం బురద, లోతు తక్కువ. ఇలాంటి పడవ అవసరం అక్కడ అంతగా పడదు కనుక మొదటి మాట నాకు నమ్మబుద్ధి కాదు. పేరు ఎలా ఉన్నా కట్టుబడిని దగ్గరగా చూడాలి. ముప్పై అడుగులకు అటూ ఇటూ పొడవు, లోతైన కడుపు, చదునైన అడుగు. ఒక్క ఇనుప మేకు లేదు, లోపల పక్కటెముకల్లాంటి కొయ్యలూ లేవు. పలక అంచుకు పలక అంచు ఆనించి, రెండంచుల వెంట కంతలు తొలిచి, అతుకు మీద గడ్డినో కొబ్బరిపీచునో వత్తుగా పరిచి, పైనుంచి కొబ్బరిపీచు తాడుతో బిగించి కుట్టేవాళ్ళు. తడిస్తే పీచు ఉబ్బి అతుకు మరింత బిగుస్తుంది. అయినా నీళ్ళు ఊరతాయి, వాటిని తోడిపోయడానికే ఒకడు ఉండాలి. తాళ్ళు నానినాని పాతబడితే కుట్టంతా విప్పి మళ్ళీ కుట్టాలి. మేకులు కొట్టి పక్కటెముకలు పెట్టిన గట్టి పడవ ఇసుక నేలకు ధన్‌మని తగిలితే ఆ దెబ్బంతా ఒకచోట పడి పలక చీలుతుంది. కుట్టు పడవ అదే దెబ్బకు ఒళ్ళంతా వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. 17వ శతాబ్దంలో బంగాళాఖాతం తీరాలు తిరిగిన థామస్ బౌరీ ఈ పడవలనూ, కట్టెల తెప్పలనూ ప్రత్యేకంగా వర్ణించాడు. 1834లో జాన్ ఈడీ మన తీరపు పడవల మీద వ్యాసం రాసినప్పుడూ కుట్టు పడవే పనిలో ఉంది. నౌకా నిర్మాణం తెలిసిన యూరప్ దేశాలు కుట్టు పడవను వాడింది ఓడ పడవల్ని తెచ్చుకోలేక కాదు. తెచ్చుకున్నవి ఆ ఒడ్డున బతకలేదు.

పడవ వంగితే సరిపోదు, నడిపేవాడికి తెలివి ఉండాలి. వెనుక నిలబడి పొడవాటి తెడ్డును చుక్కానిగా పట్టినవాణ్ణి తండేలు అనేవాళ్ళు. ఉత్తరాంధ్ర మత్స్యకారుల నోట ఆ మాట ఈనాటికీ బతికే ఉంది. తెడ్లు వేసేవాళ్ళు ఎనిమిది, పది, ఒక్కోసారి పన్నెండుమంది. సముద్రంలోకి పోయేటప్పుడు మొదటి వరుసకు ఇవతల పడవను పట్టి నిలిపి, పెద్ద కెరటాల గుంపు విరిగిపోయేదాకా తండేలు ఆగుతాడు. పెద్దవి గుంపుగా వస్తాయనీ, వాటి వెనుక కాస్త నెమ్మది ఉంటుందనీ అతనికి తెలుసు. ఆ నెమ్మది చూడగానే కేక. అప్పటిదాకా సాగదీస్తూ పాడుతున్న పాట ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది, తెడ్లు పాటతో పరుగెడతాయి. వినోదం కోసం పాడుతున్నారని కొందరు దొరలు అనుకున్నారు కానీ, పన్నెండు తెడ్లు ఒక్కటిగా పడటానికి పాటే కొలబద్ద. ఒడ్డుకు వచ్చేటప్పుడు పని ఇంకా నాజూకు. కెరటం ముందు పడితే అది పడవ వెనుకభాగాన్ని ఎత్తి, పక్కకు తిప్పి, బోర్లా వేస్తుంది. కెరటం వీపు మీద, అది విరిగిన తర్వాత మిగిలిన నురగ వెంట రావాలి. వెనుక నుంచి మరొకటి తరుముకొస్తే పడవ వెన్ను దానికి నిలువుగా ఉండేట్టు తండేలు తెడ్డుతో కాయాలి. చివరి కెరటం పడవను ఇసుక మీదికి విసరగానే ఒడ్డున ఉన్నవాళ్ళు తాళ్ళు పట్టి లాగుతారు, ప్రయాణికులను చేతుల మీద దించుతారు. ఇవాళ పలక మీద సర్ఫింగ్ చేసేవాడు నేర్చుకునే పాఠాలన్నీ ఇందులో ఉన్నాయి: గుంపుల లెక్క, ఆగే ఓర్పు, అలకు అడ్డం తిరగకపోవడం.

అలలు మరీ ముదిరి మసూలా కూడా దిగలేని రోజుల్లో మిగిలేది తెప్ప. తేలిక కట్టెలు మూడు నాలుగు తాడుతో బిగించిన కట్టుమరం అది. తమిళంలో కట్టిన మాను అని అర్థం. ఇంగ్లీషులో ఆ మాట జంట పడవకు పేరైంది గాని అసలు వస్తువుకు దాంతో పోలిక లేదు. విశాఖ వైపు జాలర్లు, వాడబలిజలు వాడిన తెప్ప వేరే రకం. దాని కొయ్యలను విడివిడిగా మోసుకెళ్ళి, నీటి అంచున జతచేసి, తిరిగొచ్చాక మళ్ళీ విప్పి ఆరబెట్టేవాళ్ళు. తెప్పలో నీళ్ళు నిలవవు, అందుకని మునగదు. కెరటం మీద పడితే మనిషి నీళ్ళలోకి దూకి, మళ్ళీ ఈది ఎక్కుతాడు. ఓడకు అవసరమైన చీటీ తీసుకెళ్ళేది ఇతనే, మసూలా బోల్తాపడితే మునిగేవాళ్ళను పట్టి తెచ్చేదీ ఇతనే. ప్రాణాలు కాపాడినందుకు చెన్నపట్నంలో తెప్పవాళ్ళకు పతకాలు ఇచ్చిన దాఖలాలు ఉన్నాయి. కూలివాడికి పతకం ఇవ్వరు. నేర్పు గలవాడని పట్నం మనసులో ఒప్పుకున్న క్షణాలవి.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళ చేతిలోనూ సాక్ష్యం ఉంది. పడవవాళ్ళు దొంగలనీ, నడి కెరటాల్లో పడవ ఆపి ఎక్కువ డబ్బు గుంజేవాళ్ళనీ, ప్రమాదాన్ని ఉన్నదానికన్నా పెద్దది చేసి భయపెట్టేవాళ్ళనీ ఎందరో యాత్రికులు రాసుకున్నారు. కొంత నిజమే అయి ఉంటుంది. కానీ అదే యాత్రికులు అదే పుటల్లో తమ ప్రాణం ఆ తండేలు చేతిలో ఉందని కూడా రాశారు. అపాయం నిజం కాకపోతే ఆ బేరం ఎవరూ వినరు. కంపెనీ కాగితాలు చూస్తే కథ మరో వైపు నుంచి కనిపిస్తుంది. రేటు కంపెనీయే నిర్ణయించేది, పిలిచినప్పుడు రాకపోతే శిక్ష ఉండేది, పడవవాళ్ళు పని మానేసి ఎదురుతిరిగిన సందర్భాలూ ఉన్నాయి. పట్నమంతటికీ తన నేర్పు తప్ప దిక్కులేనప్పుడు, ఆ నేర్పుకు ధర కట్టే హక్కు మాత్రం తనకు లేనప్పుడు, మనిషి నడి కెరటాల్లో కాక ఇంకెక్కడ బేరమాడతాడు? ఈ పనిని నేను అందంగా చూపించదలచుకోలేదు. మనుషులు మునిగారు, సరుకు పోయింది, రోజుల తరబడి దాటే వీలే లేని కాలాలూ ఉన్నాయి. నేర్పు ఉన్నంత మాత్రాన సముద్రం మెత్తబడదు.

అందుకే రేవు కట్టారు, మంచి పనే కదా అనవచ్చు. ఓడలు పెద్దవయ్యాక, ఆవిరి ఓడకు గంటలు లెక్కకొచ్చాక, మూటలను ఒక్కొక్కటిగా పడవల్లో దించడం సాగదని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఇంజనీరింగ్ గెలిచింది, పాత విద్య ఓడింది అనే ముగింపు మాత్రం జరిగినదానికి సరిపోదు. 1861లో చెన్నపట్నంలో సముద్రంలోకి ఇనుప వంతెన కట్టారు. 1872 తుపానుకు అది దెబ్బతింది. 1875 చివర పునాదిరాయి వేసి ఇంజనీరు విలియం పార్క్స్ పథకంతో రెండు గోడలు సముద్రంలోకి నడిపారు. దాదాపు పూర్తి కావస్తుండగా 1881 నవంబరు తుపాను వాటిని కూల్చింది. మళ్ళీ కట్టడానికి మరో పదిహేనేళ్ళదాకా పట్టింది. గోడ నిలిచాక కూడా, ఓడలు నేరుగా గట్టును ఆనుకునే వీలు వచ్చేదాకా లోపల సరుకు మోసింది మసూలాలే. ఇక ఇసుక. ఈ తీరం వెంట ఏటా పెద్దమొత్తం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. గోడ దానికి అడ్డం పడింది. దక్షిణాన మేటవేసిన ఇసుకే ఇవాళ మెరీనాను అంత వెడల్పు చేసింది. ఉత్తరాన ఇసుక అందక రాయపురం నుంచి తిరువొత్తియూరు వైపు సముద్రం ఇళ్ళ మీదికి వచ్చింది. తూర్పున ఉన్న రేవు ద్వారానికే ఇసుక ముప్పు వచ్చి, రేవు అధికారి ఫ్రాన్సిస్ స్ప్రింగ్ కాలంలో దాన్ని ఈశాన్యానికి మార్చాల్సివచ్చింది. విశాఖలోనూ ఇదే కథ. 1933లో తెరిచిన రేవు కోసం రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారు. ఆ తర్వాత తీరంలో ఇసుక కొరత పడి, రేవులో తవ్వితీసిన ఇసుకను రామకృష్ణా బీచ్ వైపు మళ్ళించి పోయడం తప్పని పనైంది. కుట్టు పడవ మెరకను ఆపడానికి చూడలేదు, మెరక ఎక్కడుంటే అక్కడ దాటింది. ఇసుక కదులుతుందన్న నిజాన్ని ఆ విద్య మొదటి పాఠంగా పెట్టుకుంది, గోడ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకో అభ్యంతరం ఉంది. పొట్టకూటికి కెరటాలు దాటడాన్ని సర్ఫింగ్‌తో ఎలా పోలుస్తారు, అది ఆనందం కోసం చేసేది కదా అని. హవాయి ద్వీపాల్లో అది రాజులూ ప్రజలూ ఆడిన ఆట, ఆ ఘనత వాళ్ళదే. మన తీరంలో సర్ఫింగ్ పుట్టిందని నేను అనడం లేదు. కానీ పనికీ ఆటకూ మధ్య గీత అంత గట్టిది కాదు. పెరూలోని ఉవాంచాకోలో జాలర్లు రెల్లు కట్టల పడవ మీద వేటకు పోయి, తిరిగొచ్చేటప్పుడు కెరటం మీద జారుతూ ఒడ్డు చేరతారు. అది చేపల వేటా, సర్ఫింగా అని విడదీయడం కష్టం. తమిళ తీరంలో, కోవళం, మహాబలిపురం దగ్గర, ఇవాళ సర్ఫింగ్ పోటీల్లో ముందున్న యువకుల్లో చాలామంది మత్స్యకారుల ఇళ్ళ పిల్లలే. పలక కొత్తది, అలను చూసే కన్ను ఇంటి నుంచి వచ్చింది.

కుట్టు పడవ మాత్రం పోయింది. 1979లో మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వారి బంగాళాఖాతం కార్యక్రమం, కెరటాలు దాటి ఇసుక మీద దిగగల మోటారు పడవ కోసం ఏళ్ళ తరబడి నమూనాలు గీసి, తీరంలో పరీక్షించింది. నిపుణులు తలపట్టుకున్న చిక్కులు పాత తండేలు చిక్కులే: అడుగు చదునుగా ఉండాలి, దెబ్బకు చీలకూడదు, నీళ్ళు నిండినా మునగకూడదు, నలుగురు లాగితే ఒడ్డెక్కాలి. ఇవాళ తీరమంతా ఫైబర్ పడవలే. విరిగే వరుసకు ఆవల ఇంజను జోరు తగ్గించి, పడవ వెనుక నిలబడ్డ మనిషి వెనక్కి తిరిగి సముద్రం వైపు చూస్తాడు. పెద్దవి ఒకటి, రెండు, మూడు కిందనుంచి దొర్లిపోనిస్తాడు. నాలుగోది కాస్త చిన్నదని తెలియగానే ఇంజను అందుకుని, దాని వీపు వెంట ఇసుకకు చేరువై, ఆఖరి గజాల్లో ఫ్యాను నేలకు తగలకుండా పైకెత్తేస్తాడు.