సైనికుడి చెవిలో పాట

క్రీస్తుపూర్వం 418లో గ్రీసులోని మాంటినీయా మైదానంలో ఎదుటి పక్షం ఆవేశంగా ఉరికి వస్తుంటే, స్పార్టా సేన మాత్రం నెమ్మదిగా, సన్నాయి వంటి జంట గొట్టాల వాద్యానికి అడుగు కలుపుతూ కదిలింది. ఇది దేవుడి మొక్కు కాదనీ, వరస చెదరకుండా ఉండడానికేననీ చరిత్రకారుడు థూసిడిడీస్ రాసి పెట్టాడు. యుద్ధ సంగీతం అనగానే మనకు నెత్తురు ఉడికించే భేరీ మోతే తోస్తుంది. కానీ ఉడుకును అదిమి పట్టడం కూడా దాని పనేనన్న సంగతి ఇంత పాతది.

మన కురుక్షేత్రంలో శంఖాలకు సైతం పేర్లున్నాయి. పాంచజన్యం, దేవదత్తం, పౌండ్రం ఒక్కసారిగా మోగితే కౌరవుల గుండెలు బద్దలయ్యాయంటుంది భగవద్గీత. సొంతవాళ్లకు ధైర్యం, అవతలివాళ్లకు బెదురు, రెండూ ఒకే మోతలో. కాకతీయ గణపతిదేవుడి గజసేనను నడిపిన జాయప సేనానే నృత్తరత్నావళి అనే నాట్య గ్రంథం రాశాడు. ఏనుగుల దండును నడిపిన చెయ్యే అడుగుల లెక్క రాయడం నాకు కాకతాళీయంగా అనిపించదు. యుద్ధానికి వెళ్లేముందు వీరులు శివుడి ఎదుట పేరిణి ఆడేవారని సంప్రదాయం. ఆ నాట్యాన్ని ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ మళ్లీ నిలబెట్టారు.

కలిసి అడుగేస్తే మనిషికి ఏమవుతుంది? అమెరికన్ చరిత్రకారుడు విలియం మెక్‌నీల్‌ను ఈ ప్రశ్న జీవితమంతా వెంటాడింది. 1941లో టెక్సాస్‌లో కొత్తగా సైన్యంలో చేరి, ఎండలో గంటల తరబడి కవాతు చేస్తున్నప్పుడు తాను తనకన్నా పెద్దదైన దేనిలోనో కలిసిపోతున్నట్టు ఆయనకు అనిపించిందట. ఆ అనుభవం నుంచే 1995లో ఒక పుస్తకం పుట్టింది. లయకు కలిసి కదిలినవాళ్ల మధ్య మాటలు కట్టలేని బంధం కడుతుందని ఆయన వాదన. వైర్‌లెస్ రాకముందు డప్పు, బూరా సేనాపతి గొంతు కూడా. ముందుకు, వెనక్కి, ఆగు అన్నీ వాటితోనే. ఆటోమన్ సుల్తానుల మెహ్తర్ అనే సైనిక వాద్య బృందాల పెద్ద డోలు, తాళాలు చూసి యూరప్ సేనలు తమ బ్యాండ్లలో పెట్టుకున్నాయి. 1826లో సుల్తానుల కాల్బలమైన జానిసరీ దళం రద్దయినప్పుడు మెహ్తర్ కూడా పోయింది. ఆ డోలు మోత మాత్రం పడమటి బ్యాండ్లలో మిగిలింది.

స్కాట్లండ్ బ్యాగ్‌పైపు వాయించేవాళ్లది వేరే తెగువ. వాళ్ల చేతిలో ఆయుధం ఉండదు, అందరికన్నా ముందు కనబడేది వాళ్లే. 1897లో బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దులోని దర్గాయ్ కొండమీద జార్జ్ ఫిండ్లేటర్ కాళ్లకు తూటాలు తగిలినా కూలబడి వాయిస్తూనే ఉన్నాడు. 1915లో ఫ్రాన్స్‌లోని లూస్ దగ్గర విషవాయువు మధ్య డేనియల్ లెయిడ్లా కందకం గట్టెక్కి వాయించాడు. ఇద్దరికీ బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో బిల్ మిలిన్ నీళ్లలోంచి నడుస్తూ వాయించాడు. పిచ్చివాడనుకుని అతణ్ణి కాల్చలేదని తర్వాత జర్మన్ ఖైదీలు చెప్పారు.

ఇదంతా అధికారి ఎంచిన సంగీతం. సిపాయి తానై కోరుకున్నదేమిటో చూడాలంటే టెనసీలోని మర్‌ఫ్రీస్‌బరో పొలాలకు వెళ్లాలి. 1862 డిసెంబర్ 30 రాత్రి. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తర, దక్షిణ సేనలు పాట వినబడేంత దూరంలో విడిది చేశాయి. రెండు వైపుల బ్యాండ్లూ తమ తమ వీరగీతాలతో పోటీపడ్డాయి. ఇంతలో ఎవరో ఇంటిని తలచుకునే ‘హోమ్ స్వీట్ హోమ్’ ఎత్తుకున్నారు. అవతలివాళ్లూ అందుకున్నారు. వేలమంది గొంతు కలిపారు. తెల్లవారగానే దాడి మొదలైంది. ఆ పోరు ముగిసేసరికి చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి 23 వేలకు పైబడ్డారు. పాట యుద్ధాన్ని ఆపలేదు. ఆపుతుందని ఎవరూ అనుకోలేదు కూడా. కానీ చావబోయే ముందు రాత్రి వాళ్లు పాడుకున్నది ఇంటి పాటేనన్నది ఏ సేనాపతీ కప్పిపెట్టలేని నిజం.

మొదటి ప్రపంచయుద్ధంలో గ్రామఫోను కందకంలోకి దిగింది. 1914లో వచ్చిన డెక్కా పోర్టబుల్ పెట్టె సైనికుల సామానులో చేరింది. తాను వాయించకుండానే, తనకు కావలసిన పాట తాను వినే వీలు సిపాయికి అప్పుడే దొరికింది. రెండో ప్రపంచయుద్ధం నాటికి రేడియో వచ్చి ఆ వీలును సరిహద్దులు దాటించింది. ‘లిలీ మార్లీన్’ కథ ఇక్కడే చెప్పుకోవాలి. 1915లో సిపాయిగా ఉన్న హాన్స్ లైప్ రాసిన కవితకు 1938లో నార్బర్ట్ షూల్ట్సె బాణీ కట్టాడు. మరుసటి ఏడు లాలె ఆండర్సన్ పాడిన రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు. 1941లో జర్మన్లు బెల్‌గ్రేడ్ రేడియోను చేజిక్కించుకుని రాత్రిపూట దాన్ని వేయసాగారు. బ్యారక్ గుమ్మం దగ్గర దీపస్తంభం కింద నిలబడ్డ ప్రియురాలి పాట అది, అంతే. లిబియా ఎడారిలో జర్మన్ సేనాని రోమెల్ సైనికులు విన్నారు, వాళ్లకు ఎదురుగా ఉన్న బ్రిటిష్ ఎనిమిదో సైన్యమూ విన్నది. నాజీ ప్రచార మంత్రి గోబెల్స్‌కు అది గిట్టలేదు. గిట్టకపోవడంలో వింత లేదు, అందులో ద్వేషం లేదు కదా.

లెనిన్‌గ్రాడ్‌లో పాటే తూటాకు సమానమైంది. జర్మన్ల 872 రోజుల ముట్టడిలో ఆకలికి రేడియో వాద్యబృందంలో చాలామంది పోయారు. మిగిలినవాళ్లకు సైన్యం నుంచి వాద్యకారులను కలిపి, 1942 ఆగస్టు 9న బృంద నిర్దేశకుడు కార్ల్ ఎలియాస్‌బర్గ్ స్వరకర్త షోస్టకోవిచ్ ఏడో సింఫనీని వాయింపజేశాడు. ముందుగా జర్మన్ ఫిరంగుల నోళ్లు మూయించి, ఆ సంగీతాన్ని లౌడ్‌స్పీకర్లలో శత్రు పంక్తుల దాకా వినిపించారు.

వియత్నాంలో సిపాయి పూర్తిగా తన పాట తానే ఎంచుకున్నాడు. 1965లో యానిమల్స్ అనే రాక్ బృందం పాడిన, ఈ చోటు నుంచి బయటపడాలన్న పాట అడవిలో అమెరికన్ కుర్రాళ్ల సొంత గీతమైంది. అవతలి వైపు ఉత్తర వియత్నాం కళాకారులు ట్రుయాంగ్ సన్ కొండదారి వెంట పాడుతూ నడిచారు. బాంబుల మోతను పాటతో ముంచెయ్యాలన్నది వాళ్ల నినాదం.

2003 తర్వాత ఇరాక్‌లో పాట సాయుధ వాహనాలలోకి చేరింది. జొనాథన్ పీస్లాక్ అనే సంగీత పరిశోధకుడు అమెరికన్ సైనికులను అడిగి 2009లో ‘సౌండ్ టార్గెట్స్’ రాశాడు. వాహనంలోని ఇంటర్‌కామ్‌కు పాటల యంత్రాన్ని తగిలించుకుని, గస్తీకి బయల్దేరే ముందు చెవులు దద్దరిల్లే మెటల్, ర్యాప్ పెట్టుకునేవారు. అమానుషమైన పని చేయాలంటే కాసేపు మనిషినన్న సంగతి మరవాలని కొందరు చెప్పుకున్నారు. ఆ మాట నన్ను కలవరపెట్టింది. స్పార్టాలో ఉడుకును అణిచిన సంగీతం ఇక్కడ ఉడుకును కావాలని రాజేసింది. అదే రోజుల్లో గ్వాంటనామోలోని అమెరికన్ జైలులో ఖైదీలకు నిద్ర లేకుండా చేయడానికీ అలాంటి పాటలే వాడారు. సంగీతానికి అంతకు మించిన అవమానం లేదు.

మన దగ్గర తెలంగాణ సాయుధ పోరాటంలో పాటా తుపాకీ ఒకే భుజం మీద నడిచాయి. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి వంటివాళ్లు కట్టిన పాటలు ఊరినీ దళాన్నీ కలిపాయి. యాదగిరి పాట 1979లో ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంతులో మరో తరానికి చేరింది. భారత సైన్యానికి మాత్రం విశ్వాసంగా తోడున్నది వివిధ భారతి జయమాల కార్యక్రమం. ఎక్కడో మంచు కొండల్లో కాపలా కాస్తున్న జవాన్ల కోరిక మేరకు సినిమా పాటలు వేశారు. 1963 జనవరి 27న, చైనా యుద్ధంలో అమరులైన జవాన్లను తలచుకుని లతా మంగేష్కర్ పాడిన పాట దేశానికి కన్నీళ్లు తెప్పించింది. 1997 ‘బోర్డర్’ సినిమాలో అందరికీ గుర్తున్నది ఇంటి నుంచి వచ్చే ఉత్తరాల పాటే.

2022 ఫిబ్రవరిలో రష్యా దాడి మొదలైనప్పుడు కీవ్ సోఫియా కూడలిలో ఉక్రెయిన్ గాయకుడు ఆండ్రి ఖ్లివ్‌న్యుక్ యూనిఫాంలో, వాద్యం లేకుండా 1914 నాటి వీరగీతం పాడాడు. కొద్ది వారాలకే బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ దానికి సంగీతం కలిపింది. నూరేళ్ల నాటి పాట ఫోన్లలో తిరిగింది.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరమనే పిలుస్తారు. అక్కడా, మరెన్నో తెలుగు ఊళ్లలోనూ రిటైరైన జవాన్లున్నారు. కాపలా రాత్రుల్లో ఏ పాట విన్నారో, ఏ పాట వస్తే రేడియో కట్టేశారో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. పీస్లాక్ అమెరికన్ల కోసం చేసిన పనిని మన విశ్వవిద్యాలయాలు, చరిత్ర శాఖలు, కనీసం ఊరి గ్రంథాలయాలు మన వాళ్ల కోసం చేయాలి. మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటి పెద్దాయన ఉంటే ఈ వారమే వెళ్లి అడగండి, చెప్పింది రాసి పెట్టండి.