ఎక్స్ తర్వాత ఏమిటి?

వక్త సిసిరోకూ సన్నిహితులకూ రాసే ఉత్తరాల్లో జూలియస్ సీజర్ రహస్యాలను ఎలా దాచేవాడో రోమన్ రచయిత సూటోనియస్ చెప్పాడు. ప్రతి అక్షరానికీ బదులు దాని తర్వాత వచ్చే మూడోది రాసేవాడు. ఏ ఉండాల్సిన చోట డి ఉండేది. అందుకున్నవాళ్లు మూడేసి అక్షరాలు వెనక్కి లెక్కపెట్టుకుని చదువుకోవాలి.

వారసుడు అగస్టస్ ఒక్క అక్షరమే జరిపేవాడు. ఏకి బి, బికి సి. మరి అప్పటి లాటిన్ వర్ణమాలలో చివరి అక్షరమైన ఎక్స్ వస్తే? మళ్లీ మొదటికి వచ్చి ఏ రాయకుండా, రెండు ఏలు రాసేవాడని సూటోనియస్ అంటాడు. సీజర్ కథలన్నిటికన్నా ఈ చిన్న వివరమే నాకు ఇష్టం. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలు ఈ లిపిని రాయబోయి ఆగేదీ సరిగ్గా ఇక్కడే.

ఇంగ్లిష్ అక్షరాలకు 0 నుంచి 25 దాకా అంకెలు వేద్దాం. ఎక్స్ 23. మూడు కలిపితే 26, ఆ అంకెకు అక్షరమే లేదు. 26తో భాగించి శేషం తీసుకుంటే 0, అంటే ఏ. వై బి అవుతుంది, జెడ్ సి అవుతుంది. విప్పేటప్పుడు మూడు తీసేయాలి. అయితే కొన్ని ప్రోగ్రామింగ్ భాషల్లో రుణసంఖ్యకు శేషం కూడా రుణంగానే వస్తుంది. అందుకే 3 తీసేయడం కన్నా 23 కలపడం క్షేమం.

ఇంత తేలిగ్గా తయారయ్యే లిపి అంతే తేలిగ్గా విడిపోతుంది. 25 రకాల జరుపుళ్లూ వరసగా ప్రయత్నిస్తే చాలు. అంత శ్రమ కూడా అక్కర్లేదు. ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి రహస్య లిపులను విప్పే పద్ధతిని 9వ శతాబ్దంలోనే బాగ్దాద్ పండితుడు అల్ కిందీ గ్రంథస్థం చేశాడు.

ఇదే ప్రోగ్రాంను తెలుగులో రాసి చూడండి, అసలు రుచి తెలుస్తుంది. కంప్యూటర్‌లో అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో ద సంఖ్యకు 3 కలిపితే ఖాళీ గడిలో పడతాం. భారతీయ లిపులను ఒకే వరసలో అమర్చినప్పుడు న, ప మధ్య గడి తమిళంలోని రెండో నకు పోయింది. తెలుగులో ఆ అక్షరం లేదు కనుక గడి ఖాళీగా మిగిలింది. కాబట్టి హల్లుల జాబితా మనమే రాసుకుని, గుణింతాలను కదపకుండా, హల్లులను మాత్రమే జరపాలి.

అప్పుడు మూడు జరిపితే ‘కాకి’ ‘ఘాఘి’ అవుతుంది, ‘పాట’ ‘భాఢ’ అవుతుంది. అచ్చ తెలుగు మాటల్లో మహాప్రాణాలు అరుదు కనుక చూసిన మరుక్షణమే ఎవరికైనా అనుమానం వస్తుంది. మన వర్ణమాలలో వర్గానికి అయిదు అక్షరాలు. అందుకే అయిదు జరిపితే చాలావరకు సరళాలు సరళాలుగానే, పరుషాలు పరుషాలుగానే ఉంటాయి. ‘కాకి’ ‘చాచి’ అవుతుంది, ‘తాత’ ‘పాప’ అవుతాడు.